తాళం తీసిన కొండ

ఫిలిప్పీన్స్‌లోని పినటుబో 1991లో బద్దలైనప్పుడు కింద ఊళ్లు బూడిదలో కూరుకుపోయాయి. పైన ఓజోన్ పొర పలచబడింది. కానీ ఆ రెండో నేరంలో కొండకు తోడుదొంగలున్నారు.

శాంటా జూలియానాలో తెల్లవారకముందే జీపుల ఇంజన్లు మొదలవుతాయి. మనీలాకు ఉత్తరాన, టార్లాక్ ప్రావిన్స్‌లోని కాపాస్ పట్టణం దాటాక తారు రోడ్డు ఆఖరయ్యే చోట ఉన్న చిన్న ఊరు అది. అక్కడి నుంచి ముందుకు పోవాలంటే ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కావాలి, గట్టి నడుము కూడా కావాలి. పక్కనే సైన్యం వారి శిక్షణ ప్రాంతం ఉంది కాబట్టి విన్యాసాలు జరిగే రోజుల్లో దారి మూసేస్తారు. తుఫాను రోజుల్లో ఎలాగూ మూతే. దారి తెరిచి ఉన్న రోజున మాత్రం ముక్కుకు రుమాళ్లు కట్టుకున్న పర్యాటకులతో జీపులు ఒకదాని వెనక ఒకటి బయల్దేరుతాయి.

ఊరు దాటగానే కనిపించేది బూడిదరంగు మైదానం. చెట్టు చేమ తక్కువ. ఓడానెల్ నది పాయలు పాయలుగా చీలి దాని మీద పారుతుంటుంది. జీపు ఒక పాయ దాటి, ఇసుకలో కూరుకుపోయి, లేచి, మరో పాయలో దిగుతుంది. ముందుకు వెళ్లేకొద్దీ అటూ ఇటూ నిలువుగా కోసినట్టున్న గోడలు లేస్తాయి. దూరం నుంచి కొండరాయిలా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి గోటితో గీకితే రాలిపోతాయి. అవి రాతి గోడలు కావు. 1991 జూన్ 15న కొన్ని గంటల వ్యవధిలో వచ్చి పడిన బూడిద, నీటిలో తేలేంత తేలికైన ప్యూమిస్ రాళ్లు. కొన్ని లోయల్లో ఈ పూడిక మందం 200 మీటర్ల వరకు ఉంది. దాన్ని ముప్పై ఏళ్లకు పైగా వానలు కోస్తున్నాయి, ఇంకా కోస్తూనే ఉన్నాయి.

జీపు ఆగిన చోటు నుంచి నడక. ఏటి వెంట, రాళ్ల మీదుగా ఎక్కి చివరి మెట్టు దాటగానే ఒక్కసారిగా సరస్సు. సుమారు రెండున్నర కిలోమీటర్ల వెడల్పున్న గిన్నెలో నీళ్లు ఒక్కోసారి నీలంగా, ఒక్కోసారి ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. 1991కి ముందు ఈ సరస్సు లేదు. ఇక్కడ కొండ శిఖరం ఉండేది. 1,745 మీటర్ల ఎత్తున్న పినటుబో ఆ ఒక్కరోజులో సుమారు 260 మీటర్లు పొట్టిదైంది. పైభాగం ఎగిరిపోయింది, మిగిలింది లోపలికి కూలింది, ఆ గుంటలో వాన నీరు నిలిచింది.

ఒడ్డున నిలబడినవారంతా నీళ్ల వైపు చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు, తిరుగుదారి పడతారు. పైకి చూడాలని ఎవరికీ తోచదు. తోచినా కనిపించేదేమీ ఉండదు. అయితే పినటుబో ప్రపంచం మొత్తానికి చేసిన పని జరిగింది ఆ పైనే. భూమికి 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో, సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొరలో.

కొండ లేచిన రోజు

1990 దాకా పినటుబో ఒక అగ్నిపర్వతమన్న సంగతి చుట్టుపక్కల ఊళ్లవారికే పెద్దగా తెలియదు. అడవి కప్పుకున్న మామూలు కొండ. దాదాపు 500 ఏళ్లుగా నిద్రపోతోంది. దాని వాలుల్లో ఐటాలు అనే ఆదివాసులు పోడు చేసుకుంటూ, వేటాడుకుంటూ బతికేవారు. తమ దేవుడు అపో నమల్యారి ఆ కొండలోనే ఉంటాడని వారి నమ్మకం. 1980ల చివర్లో భూగర్భ వేడితో కరెంటు తీయవచ్చేమోనని ప్రభుత్వ సంస్థ ఒకటి కొండ మీద బావులు తవ్వి చూసింది. తర్వాత జరిగింది చూసి, దేవుడికి కోపం తెప్పించింది ఆ తవ్వకాలేనని కొందరు ఐటా పెద్దలు అన్నారు.

1991 ఏప్రిల్ 2న కొండ పక్కటెముకల్లోంచి ఆవిరి పేలింది. ఆ కబురు శాస్త్రవేత్తలకు మొదట అందించింది పరికరాలు కాదు, ఐటాలు. వారి మధ్య పనిచేస్తున్న ఒక క్రైస్తవ సన్యాసిని ద్వారా ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత, భూకంప అధ్యయన సంస్థ ఫివోల్క్స్‌కు సమాచారం చేరింది. సంస్థ అధిపతి రేమండో పునోంగ్‌బాయన్ బృందానికి అమెరికా భూగర్భ సర్వే నుంచి క్రిస్ న్యూహాల్ తదితరులు తోడయ్యారు. కొండ వణుకును కొలవడం ఒక ఎత్తయితే, మేయర్లనూ సైనికాధికారులనూ నమ్మించడం మరో ఎత్తు. అందుకు వారు వాడిన ఆయుధం ఒక వీడియో. అగ్నిపర్వతాల అంచుల్లోనే జీవితం గడిపిన ఫ్రెంచి దంపతులు మౌరీస్, కాట్యా క్రాఫ్ట్‌లు తీసిన దృశ్యాలవి. నిప్పు మేఘం ఊళ్ల మీదికి ఎంత వేగంగా దూకుతుందో చూసినవారు వాదన మానుకున్నారు. జూన్ 3న జపాన్‌లోని ఉంజెన్ అగ్నిపర్వతం వద్ద సరిగ్గా అలాంటి మేఘమే క్రాఫ్ట్ దంపతులను బలితీసుకుంది.

జూన్ 10న అమెరికా వారి క్లార్క్ వైమానిక స్థావరం నుంచి దాదాపు 14,500 మంది కార్లలో బారులుగా తరలిపోయారు. జూన్ 15 మధ్యాహ్నం కొండ పూర్తిగా బద్దలైంది. బూడిద స్తంభం 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. పగలే చీకటి పడింది. విధి వైపరీత్యం ఏమిటంటే, అదే రోజు యున్యా తుఫాను కూడా ఆ ప్రాంతం మీదుగా వెళ్లింది. పడుతున్న బూడిదకు వాన తోడై తడిసిన సిమెంటులా బరువెక్కింది. ఇళ్ల కప్పులు కూలాయి. ఆ రోజు చనిపోయినవారిలో ఎక్కువ మందిని చంపింది లావా కాదు, సొంత ఇంటి కప్పే.

ముందుగా ఖాళీ చేయించడం వల్ల కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అంచనా. అయినా మొత్తం మృతుల సంఖ్య దాదాపు 850కి చేరింది. వారిలో సగానికి సగం తర్వాతి నెలల్లో శిబిరాల్లో రోగాలతో పోయినవారు. తట్టు సోకిన ఐటా పిల్లలే వారిలో అధికం. కొండ లేస్తోందని లోకానికి ముందు చెప్పినవారే ఎక్కువ మూల్యం చెల్లించారు.

గుత్తి మీదుగా పోయిన మేఘం

పినటుబో ఉన్నది 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అదే గీత పట్టుకుని పడమరకు సాగితే దక్షిణ చైనా సముద్రం, వియత్నాం, థాయ్‌లాండ్, బంగాళాఖాతం దాటాక తగిలేది ఆంధ్ర తీరం. ఇంకా లోపలికి వస్తే అనంతపురం జిల్లాలోని గుత్తి కోట దాదాపు అదే గీత మీద నిలబడి ఉంటుంది. వేసవిలో ఆ ఎత్తున గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. పినటుబో మేఘం పట్టింది ఆ దారే.

కొండ బద్దలైన జూన్ 15, భారతదేశంలో లోక్‌సభ ఎన్నికల చివరి పోలింగ్ రోజు. రాజీవ్ గాంధీ హత్యతో వాయిదా పడి జరిగిన పోలింగ్ అది. ఆ తర్వాతి రోజుల్లో, జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసేలోపు, కంటికి కనిపించని ఒక గంధకపు మేఘం ఉపఖండం మీదుగా సాగిపోయింది. దేశం చూపంతా ఢిల్లీ మీద, అడుగంటిన విదేశీ మారక నిల్వల మీద ఉంది. మేఘం మాత్రం ఉపగ్రహాల కంట పడింది. సుమారు మూడు వారాల్లో అది భూగోళాన్ని చుట్టి వచ్చింది.

ఆ మేఘంలో ఉన్నది ప్రధానంగా బూడిద కాదు. బూడిద బరువుగా ఉంటుంది, రోజుల్లో కిందికి దిగిపోతుంది. మిగిలింది దాదాపు 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వాయువు. గంధకం కాల్చినప్పుడు ముక్కు మండించే వాయువు ఇదే. పైన అది నీటి ఆవిరితో కలిసి కొన్ని వారాల్లో గంధకామ్లపు అతి సూక్ష్మ బిందువులుగా మారింది. వాన పుట్టే మేఘాలన్నీ కింద, భూమధ్యరేఖ ప్రాంతంలోనైతే 16, 17 కిలోమీటర్ల లోపే ఉండిపోతాయి. ఆ గీత దాటి స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరిన దానిని కడిగేందుకు వాన ఉండదు. అందుకే ఆ బిందువులు రెండు మూడేళ్లు అక్కడే తేలాయి.

హైదరాబాద్‌లోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 1991-92లో ఎగిరిన బెలూన్లలో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు తమ సాధనాలు పంపి ఈ పొరను కొలిచారు. అహ్మదాబాద్‌లో లేజర్ కిరణాన్ని ఆకాశంలోకి పంపి, తిరిగొచ్చే వెలుగుతో పొర ఎలా పలచబడుతోందో చూశారు. ఇతర దేశాల్లోనూ ఇదే పని సాగింది. ఎండలో కొంత భాగాన్ని ఆ బిందువులు వెనక్కి తిప్పి పంపడంతో 1992లో భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ సెల్సియస్ తగ్గింది. ఈ చల్లదనాన్ని శాస్త్రవేత్తలు ముందే ఊహించారు. ఓజోన్ విషయంలో ఉపగ్రహాలు పంపిన అంకెలు మాత్రం కలవరపెట్టాయి.

కాపలా తప్పిన తాళం

ఓజోన్ పొర పేరుకే పొర. పైనున్న ఓజోన్ మొత్తాన్ని కిందికి తెచ్చి నేల మీద పరిస్తే మందం సుమారు మూడు మిల్లీమీటర్లు, ఒక మీద ఒకటి పెట్టిన రెండు నాణేలంత. చర్మ కేన్సర్‌కూ కంటి శుక్లాలకూ కారణమయ్యే కిరణాలను ఆపుతున్నది ఈ మాత్రం వాయువే. 1992 ద్వితీయార్ధంలో, 1993 ఆరంభంలో ప్రపంచ సగటు ఓజోన్ అంతకుముందు నమోదైన ఏ కనిష్ఠ స్థాయి కంటే కూడా రెండు మూడు శాతం తక్కువకు పడిపోయింది. ఉత్తరార్ధగోళంలో కొన్నిచోట్ల లోటు 10 శాతం దాటింది. 1992లో అంటార్కిటికా మీది ఓజోన్ రంధ్రం అప్పటివరకూ చూడనంత పెద్దదైంది. 1993 అక్టోబర్‌లో దక్షిణ ధ్రువం మీద కొలిస్తే, మూడు మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట ఒక మిల్లీమీటరు కూడా లేదు.

అమెరికాలో అప్పట్లో ఒక వాదన బాగా నడిచింది. చూశారా, ఓజోన్‌ను తినేది ఫ్రిజ్‌లూ స్ప్రే డబ్బాలూ కాదు, అగ్నిపర్వతాలే అని. అగ్నిపర్వతం క్లోరిన్ వదులుతుంది, క్లోరిన్ ఓజోన్‌ను తింటుంది, కాబట్టి దోషి ప్రకృతే అని లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ లెక్కలో వాన లేదు.

అగ్నిపర్వతం వదిలే క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ రూపంలో ఉంటుంది. అది నీటిలో ఇట్టే కరిగిపోతుంది. అగ్నిపర్వతం పొగలో బోలెడంత నీటి ఆవిరి ఉంటుంది, అది పైకి పోతూనే చల్లబడి నీరవుతుంది. పినటుబోకైతే తుఫాను కూడా తోడైంది. కొండ వదిలిన క్లోరిన్‌లో అత్యధిక భాగం పైకి చేరకముందే కడుక్కుపోయి కిందికొచ్చింది. మేఘం గుండా విమానాలు పంపి కొలిచినప్పుడు పైన ఆ వాయువు పెద్దగా పెరగలేదని తేలింది.

మరి క్లోరిన్ ఎక్కడిది? ఫ్రిజ్‌లను, ఏసీలను చల్లబరిచేందుకూ, స్ప్రే డబ్బాల్లోనూ, నురుగు పరుపుల తయారీలోనూ దశాబ్దాల పాటు వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లది. ఇవి నీటిలో కరగవు, దేనితోనూ కలవవు. వాన వాటిని కడగలేదు. నెమ్మదిగా పైకి చేరి, అక్కడి తీవ్రమైన కిరణాల దెబ్బకు విరిగి క్లోరిన్‌ను వదులుతాయి. మారియో మోలినా, షెర్వుడ్ రోలండ్ ఈ సంగతి 1974లోనే చెప్పారు. 1991 సెప్టెంబర్‌లో అమెరికా ప్రయోగించిన ఉపగ్రహం ఒకటి అక్కడ క్లోరిన్ పక్కనే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను కూడా పట్టుకుంది. అంత ఎత్తున ఫ్లోరిన్ ఆ మేరకు ఉండటానికి క్లోరోఫ్లోరోకార్బన్లు తప్ప మరో కారణం లేదు. దొంగ వేలిముద్ర దొరికినట్టే.

అలాగని కొండ నిర్దోషి కూడా కాదు. మామూలు రోజుల్లో పైనున్న క్లోరిన్‌లో ఎక్కువ భాగం బందీగా ఉంటుంది. కొంత హైడ్రోజన్‌తో, కొంత నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి, ఓజోన్ జోలికి పోలేని రూపాల్లో తాళం పడి ఉంటుంది. ముఖ్యంగా నైట్రోజన్ ఆక్సైడ్లు కాపలాదారులు. తప్పించుకున్న క్లోరిన్‌ను మళ్లీ పట్టి లోపల వేసేవి అవే. పినటుబో గంధకామ్ల బిందువులు చేసింది ఈ కాపలాను తీసేయడమే. ఆ బిందువుల ఉపరితలం మీద జరిగే రసాయన చర్యల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా మారిపోయాయి. కాపలా లేదు, తాళం ఊడింది. బయటపడిన ఒక్కో క్లోరిన్ పరమాణువు వేలాది ఓజోన్ అణువులను విరగ్గొట్టుకుంటూ పోయింది. మొదటి నెలల్లో భూమధ్యరేఖ దగ్గర ఓజోన్ తగ్గడానికి మరో కారణం కూడా ఉంది. వేడిని పీల్చుకున్న బిందువుల పొర గాలిని పైకి నెట్టింది, కింద ఉండే ఓజోన్ తక్కువ గాలి ఆ చోటికి వచ్చింది. కానీ తర్వాతి రెండేళ్ల నష్టంలో పెద్ద వాటా తాళం ఊడిన క్లోరిన్‌దే.

దీనికి మరో వైపు కూడా చూడాలి. నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా ఓజోన్‌ను కొంత తింటాయి. క్లోరోఫ్లోరోకార్బన్లు లేని కాలంలో, ఉదాహరణకు 1883లో ఇండొనేసియాలోని క్రకటోవా బద్దలైనప్పుడు, ఇలాంటి బిందువులు ఆ ఆక్సైడ్లను తగ్గించి ఓజోన్‌కు కాస్త మేలే చేసి ఉంటాయని రసాయన లెక్కలు చెబుతాయి. అంటే, అదే కొండ, అదే గంధకం, వందేళ్ల కిందటైతే ఓజోన్‌కు ఇంత హాని జరిగేది కాదు. మధ్యలో మారింది కొండ కాదు, ఆకాశం.

ఎత్తు కూడా ముఖ్యమే. భారత భూభాగంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం, అండమాన్‌లోని బారెన్ ఐలాండ్, వందేళ్లకు పైగా మౌనం తర్వాత అదే 1991లో రాజుకుంది. దాని పొగ వానల ఎత్తు దాటి పోలేదు. ఓజోన్ పొర దాన్ని గమనించనే లేదు.

కిటికీలే గుమ్మాలు

మనీలాకు తిరిగి వెళ్లే దారిలో, పంపాంగా ప్రావిన్స్‌లో బాకొలోర్ అనే పట్టణం ఉంది. 1991 బూడిద దాన్ని పూర్తిగా ముంచలేదు. ఆ తర్వాత ఏటా వచ్చిన వానలు కొండ మీది బూడిదను బురదగా కలిపి కిందికి తోశాయి. ఈ బురద వరదను లహార్ అంటారు. 1995 నాటి లహార్లలో బాకొలోర్ కూరుకుపోయింది. అక్కడి సాన్ గిల్లెర్మో చర్చి 12 మీటర్ల ఎత్తు కట్టడం. అందులో ఆరు మీటర్లు మట్టిలో ఉండిపోయింది. ఇప్పుడు భక్తులు లోపలికి వెళ్లేది ఒకనాటి కిటికీల గుండా. ఊరివారు బలిపీఠాన్ని మట్టిలోంచి తవ్వితీసి, పైకెత్తి, కప్పు కింద మళ్లీ నిలబెట్టుకున్నారు. తల ఎత్తితే పైకప్పు చేతికందేలా అనిపిస్తుంది.

పినటుబో విషయంలో నేల, ఆకాశం వేర్వేరు గడియారాలతో నడిచాయి. 2001లో సరస్సు గట్టు తెగుతుందన్న భయంతో కాలువ తవ్వి నీరు వదలాల్సి వచ్చింది. దిగువన బొటోలాన్‌లో సుమారు 40,000 మందిని ఖాళీ చేయించారు. నేల మీద పదేళ్ల తర్వాత కూడా ఆ పేలుడు ముగియలేదన్నమాట. పైన గంధకపు పొర మాత్రం మూడేళ్లకే దాదాపు తేటపడింది. అయితే ఆ పొర విడిపించిన క్లోరిన్ అలా పోలేదు, తిరిగి తాళంలోకి వెళ్లింది, అంతే. ఫ్రిజ్‌లలో వాడిన ఒక రకం క్లోరోఫ్లోరోకార్బన్ ఆయుష్షు దాదాపు వందేళ్లు. 1991లో అక్కడున్న సరుకులో చాలా భాగం ఇప్పటికీ పైనే ఉంది.

కొత్త సరుకు వెళ్లకుండా ఆపింది 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం. అంటార్కిటికా మీది రంధ్రాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో బయటపెట్టిన రెండేళ్లకే అది కుదిరింది. భారత్ 1992 జూన్‌లో, పైన పినటుబో పొర ఇంకా దట్టంగా ఉన్న సమయంలోనే, అందులో చేరింది. ఉబ్బసం మందుల ఇన్‌హేలర్ల వంటి అవసరాలకు తప్ప క్లోరోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తిని 2008 ఆగస్టుతో ఆపేసింది. ప్రపంచం ఇదే దారిలో నడిస్తే ధ్రువాల వెలుపల ఓజోన్ 2040 నాటికి, ఆర్కిటిక్ మీద 2045 నాటికి, అంటార్కిటికా మీద 2066 నాటికి 1980 స్థాయికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి సంస్థల 2022 మదింపు అంచనా.

ఈలోగా కొండలు ఊరుకోవు. 2015 ఏప్రిల్‌లో చిలీలోని కాల్బుకో బద్దలైంది. పినటుబోతో పోలిస్తే చిన్నదే. అయినా ఆ అక్టోబర్‌లో అంటార్కిటికా రంధ్రం 2.8 కోట్ల చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. రంధ్రం మానుతోందని 2016లో ప్రకటించిన సుసాన్ సోలమన్ బృందమే, 2015 నాటి ఎదురుదెబ్బలో కాల్బుకో పాత్ర ఉందని కూడా చెప్పింది. 2022 జనవరి 15న పసిఫిక్‌లో టోంగా దగ్గర సముద్రంలో మునిగి ఉన్న హుంగా అగ్నిపర్వతం వేరే పాఠం నేర్పింది. దాని స్తంభం 57 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. గంధకం తక్కువే కానీ దాదాపు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని పైకి విసిరింది. అంత తేమలో రసాయన చర్యలు వేగం పుంజుకుని, వారం రోజుల్లోనే హిందూ మహాసముద్రం నైరుతి భాగం మీద ఓజోన్ దాదాపు అయిదు శాతం తగ్గింది. ఏ కొండ ఏం పంపుతుందో ముందే చెప్పడం కష్టం. పైన తాళం పడి ఉన్న క్లోరిన్ ఎంత తక్కువైతే నష్టం అంత తక్కువ అన్నది మాత్రం ఖాయం.

అనుకరించాలన్న ఆలోచన

ఇప్పుడు పినటుబో పేరు మరో కారణంతో వినిపిస్తోంది. 1992లో భూమి అర డిగ్రీ చల్లబడింది కదా, మనమే విమానాలతో ఏటా పైకి గంధకం పంపి వేడెక్కుతున్న భూమిని చల్లార్చుకోకూడదా అన్నది ఆ ఆలోచన. 2006లో దీన్ని చర్చకు పెట్టినవారిలో పాల్ క్రట్జెన్ ఉన్నారు. మోలినా, రోలండ్‌లతో కలిసి ఓజోన్ పరిశోధనకే 1995లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయన. ఇష్టపడి చేసిన ప్రతిపాదన కాదది. దేశాలు కాలుష్యం తగ్గించకపోతే చివరికి మిగిలేది ఇదేనేమోనన్న ఆందోళనతో చేసింది. కొందరు మాత్రం అంతవరకూ ఆగలేదు. ఒక అమెరికన్ సంస్థ తమ నేల మీద నుంచి గంధకపు వాయువుతో బెలూన్లు వదిలిందని తెలిసి మెక్సికో 2023 జనవరిలో ఇలాంటి ప్రయోగాలను నిషేధిస్తామని ప్రకటించింది.

ఆ ప్రతిపాదనను తూచడానికి లోకం దగ్గరున్న అతి పెద్ద ప్రయోగం పినటుబోయే. దాని లెక్క పుస్తకంలో చల్లదనం ఒక్కటే లేదు. 1992లో ప్రపంచంలో నేల మీద కురిసిన వాన, నదుల్లో పారిన నీరు తగ్గాయి. ఓజోన్ పలచబడింది. కొండ ఒకసారి పేలి ఊరుకుంది. మనిషి పెట్టుకుంటే ఏటా పంపుతూనే ఉండాలి, ఆపితే వేడి ఒక్కసారిగా తిరిగొస్తుంది. పైన క్లోరిన్ ఇంకా ఉండగా ఆ పని చేస్తే అంటార్కిటికా రంధ్రం మానడం ఆలస్యం కావచ్చని 2022 మదింపు కూడా హెచ్చరించింది. వానాకాలం మీద బతికే దేశాలకు ఇది ప్రయోగశాలల చర్చ కాదు, పంటల సంగతి.

శాంటా జూలియానాలో మధ్యాహ్నానికి జీపులు తిరిగొస్తాయి. పర్యాటకులు జుట్టులోని బూడిద దులుపుకుంటారు. జీపులు, వంటశాలలు, మార్గదర్శకుల పనులు ఈ ఊరికి కూడు పెడుతున్నాయి. పంపకంలో మాత్రం పేచీ ఉంది. తమ పూర్వీకుల భూమి మీద వచ్చే ఆదాయంలో న్యాయమైన వాటా కావాలంటూ 2024 ఏప్రిల్‌లో ఐటాలు దారికి అడ్డంగా నిలబడ్డారు. కొన్నాళ్లు యాత్రలు ఆగాయి. 1991లో కొండ గురించి మొదట కబురు తెచ్చిన తెగ అది. వారి మాట ఆలస్యంగా వినడం ఇక్కడ కొత్త కాదు.

ఐటాల నమ్మకం ప్రకారం ఎవరో కొండను పొడిచారు, దేవుడు లేచాడు. శాస్త్రం ఆ కథను ఒప్పుకోదు. కొండ మన ప్రమేయం లేకుండానే లేచిందంటుంది. కానీ ఓజోన్ దగ్గరికి వచ్చేసరికి శాస్త్రం చెప్పేదీ ఆ పెద్దల మాటకు మరీ దూరంగా లేదు. కొండ లేవడం మన చేతిలో లేదు. లేచినప్పుడు పైన ఏం సిద్ధంగా ఉంటుందన్నది మన చేతిలోనే ఉంది.